మూడో మడి మీద మంచు

నవంబరు 16

రెండ్రోజులు ఆగకుండా కురిసి ఈ పొద్దున తెరిపి ఇచ్చింది. మోకాలు దాటి కూరుకుపోతున్నాం. ఎఫీ అత్త కిటికీ దగ్గర నిలబడి, "పడనీవే, ఎంత పడితే నీ కప్పలకి అంత వెచ్చన" అంది. కాఫీ తాగుతున్న అత్త కొడుకు క్లెమ్ బావ ఊరుకుంటాడా?

"మనకి కట్టెలు, కప్పలకి దుప్పట్లూనా? మా మరదలు అన్నేళ్ళు యూనివర్సిటీలో చదివి చివరికి కప్పలకి ఆయా అయింది."

"నీకంటే అవే నయం బావా. చలికాలమంతా నోరు మూసుకుని పడుంటాయి."

అత్త నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. నాన్న పోయాక ఈ ఊళ్ళో నాకు మిగిలింది ఆయన అక్క ఇల్లొకటే. మడులు కట్టుకుంటానని అడిగితే తన స్థలంలో స్ప్రూస్ చెట్ల కింద ఎక్కడ కావాలో చూసుకోమంది. మూడు మడులు, చుట్టూ జల్లెడ తీగ. లోపల రాలిన ఆకుల కింద కప్పలు అక్టోబరులోనే గడ్డకట్టేశాయి. గుండె కొట్టుకోదు, ఊపిరి లేదు, తీసి బల్ల మీద పెడితే గులకరాయిలా టక్కుమంటాయి.

మధ్యాహ్నం అత్త కునుకు తీస్తుంటే, బావ పోస్టాఫీసుకి వెళ్తే, కాళ్ళకి తోలు అల్లిన వెడల్పాటి మంచుజోళ్ళు కట్టుకుని మూడో మడి పక్కనున్న ఉష్ణోగ్రత డబ్బా దాకా దారి తొక్కాను. మళ్ళీ వచ్చినప్పుడు కూరుకుపోకుండా నడవొచ్చు. అక్కడితో ఆగలేదు, బావ కట్టెలు కొట్టుకునే ఎండు చెట్ల దాకా తొక్కేశాను. చిన్నప్పుడు అత్త వెనక నడిచిన కాళ్ళు కదా, ఆపితే ఆగవు. ఈ రాత్రి చలికి బిగుసుకుంటే పొద్దున్నకి రోడ్డే. మడుల గుర్తుకి నేను పాతిన జెండా పుల్లలు కనపడలేదు, మంచులో మునిగిపోయినట్టున్నాయి. మడికి ఎడం పక్కనుంచి నడిచాను. ఎడమే అనుకుంటా.

రేపు పొద్దున విమానం. నెల రోజులు నగరంలో, ల్యాబులో.

డిసెంబరు 5

పొద్దుట్నుంచీ కాలేయాలే. అక్టోబరులో తీసిన వాటిని వరసగా చూస్తున్నాను.

ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే. ఈ కప్ప చలికాలానికి ముందే మందు తయారుచేసుకుని కూర్చోదు. ఒంటి మీద మొదటి మంచు పలుకు తగలాలి, అప్పుడు కాలేయానికి కబురు వెళ్తుంది. జన్యువులు అన్నీ పాతవే, కొత్తది ఒక్కటి చేరదు. వాటిలో ఏది తెరవాలి, ఏది మూయాలి అన్నదే మారుతుంది. చక్కెర చేసేవి తెరుచుకుంటాయి, ఖర్చు పెట్టే మిగతావన్నీ మూతపడతాయి. ఒళ్ళంతా చక్కెర పాకం పట్టినట్టు అయిపోతుంది, కణం లోపల మంచు కట్టదు. అన్నిటికన్నా నాకు నచ్చేది, అప్పటికే రాసి ఉన్న కబుర్లని కప్ప చించి పారేయకపోవడం. చిన్న చిన్న ముక్కలు వాటికి అంటుకుని చదవకుండా ఆపుతాయి, అంతే. మడిచి పక్కన పెట్టినట్టు. కరిగిన రోజున విప్పుకుని చదువుకుంటుంది.

మా లెక్కలో పరిమితి మైనస్ పద్దెనిమిది. అంతకు దిగితే ఏ చక్కెరా కాపాడదు. అందుకే పైన మంచు మెత్తగా, గుల్లగా ఉండాలి. గాలి చిక్కుకుని ఉన్నంతసేపే అది దుప్పటి. తొక్కితే చలి నేరుగా నేలలోకి దిగుతుంది. నేలలోని నీళ్ళ గొట్టాల మీద మంచుబండి నడిపితే అవి గడ్డకడతాయని మా ఊళ్ళో పసిపిల్లాడికి కూడా తెలుసు.

డిసెంబరు 18

ఊరికి వచ్చాను. సామాను దించి నేరుగా మడుల దగ్గరికి వెళ్ళాను.

మొదటిది మైనస్ ఏడు. రెండోది మైనస్ ఎనిమిది. మూడోది మైనస్ ఇరవై మూడు.

డబ్బా పాడైందనుకుని తట్టాను. తీగ మార్చాను. ఇరవై మూడే. తలెత్తి చూస్తే మూడో మడి నడినెత్తి మీద దారి. మంచుబండి జాడ, కట్టెల స్లెడ్జి జాడ, మళ్ళీ బండి జాడ. కాలేసి తొక్కితే చెక్కలా గట్టిగా ఉంది. పార తీసుకుని అంచున కోశాను. బండి జాడ కింద మరో పొర. దాని మీద తోలు అల్లిక అచ్చు, ఇంకా స్పష్టంగా.

పారతో దాన్ని చెరిపేశాను. ఎందుకు చెరిపానో తెలీదు. చేతికి పార ఉంది, చెరిపాను.

ఇంగాకి ఫోన్ చేసి మూడో మడి మీద దారి పడిందన్నాను. ఈ పని మొత్తం ఆమె పెద్దరికం కింద నడుస్తోంది.

"దాని మీద బండి జాడ ఉందా?" అంది.

"ఉంది."

"ఎవరిదో తెలుసా?"

"కట్టెలు లాగేది ఒక్క క్లెమే."

"అయ్యో. సరే, గ్రామ సభకి ఒక మాట రాస్తాను. నువ్వు బాధపడకు."

డిసెంబరు 19

అబద్ధం ఒక్కటీ ఆడలేదు.

డిసెంబరు 22

సభ. హాల్లో కాఫీ, డోనట్లు, ఊరంతా. ఆ స్థలంలో బండ్లు తిప్పబోమని ఎండాకాలంలో మాట ఇచ్చింది సభే కాబట్టి పెద్దాయన ముఖం ముడుచుకుని ఇంగా ఉత్తరం చదివాడు. బావ టోపీ తీసి లేచి నిలబడ్డాడు.

"నేనే. చూసుకోలేదు. తప్పు నాదే."

అంతే, కూర్చున్నాడు. వెనకనుంచి ఎవరో "క్లెమ్, కప్పల మీదుగా హైవే వేశావటగా!" అని అరిచారు. నవ్వులు. బావ కూడా నవ్వాడు, పైపైకి. గుమ్మడికాయల దొంగ అనకుండానే నేను భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను. చెప్పడానికి అదే సమయం. లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. ఇంకో డోనట్ తీసుకున్నాను.

ఇంతకీ బండి నడిపింది తనే కదా. నేను ఒక్కసారి నడిచాను, తను ఎన్నిసార్లు తిరిగాడో. బరువు ఏది ఎక్కువ? నేను నడిచింది ఎడం పక్కనుంచి.

డిసెంబరు 27

గోడకి అత్త మంచుజోళ్ళు లేవు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ అదే మేకుకి ఉండేవి. బర్చ్ కర్ర చట్రం మామయ్య వంచింది, మూస్ దుప్పి తోలు అల్లిక అత్తది.

"జోళ్ళేవి అత్తా?"

అత్త కుట్టుపనిలోంచి తల ఎత్తలేదు. "బావనడుగు."

బావ కట్టెలు చీలుస్తున్నాడు. అడిగితే చాలాసేపు గొడ్డలి ఆపలేదు. ఆపాక గొంతు తగ్గించాడు.

"షెడ్డులో పెట్టి తాళం వేశాను. నీకు చెబుతున్నా, నీలోనే ఉంచుకో రోవీ. ఆ దారి తొక్కింది అమ్మే."

"అత్తా?"

"ఇంకెవరు? నేను కట్టెలకి వెళ్ళే ముందురోజు దారి తొక్కిపెట్టడం నా చిన్నప్పట్నుంచీ ఆమెకి అలవాటు కదా. నువ్వు నగరానికి వెళ్ళిన పొద్దున చూస్తే దారి రాయిలా బిగుసుకుని ఉంది. అమ్మ తొక్కిన దారి మీద నేనెప్పుడూ తలెత్తి చూడను, బండి ఎక్కించడమే. కానీ మడులు ఎక్కడున్నాయో ఆమెకి బాగా తెలుసు. నీకు చోటు ఇచ్చిందే ఆమె. అది మర్చిపోయిందంటే... ఈమధ్య పొయ్యి మీద కెటిల్ కూడా మర్చిపోతోంది."

"కెటిల్ నేనూ మర్చిపోతాను బావా."

"నువ్వు మర్చిపోతే ఎవరూ ఏమనరు. క్లినిక్ నర్సు విందంటే అమ్మని నగరంలో వృద్ధుల ఆశ్రమానికి పంపమంటుంది. అందుకే సభలో నేను ఒప్పుకున్నా. ఒంటరిగా మళ్ళీ వెళ్ళి ఏ చెట్ల మధ్యో దారి తప్పితే నేనేం చెయ్యాలి చెప్పు? నువ్వు ఎవరితోనూ అనకు, అంతే."

"అనను" అన్నాను.

ఎవరితోనూ అననని మాటిచ్చాను. ఎంత సులువుగా దొరికింది నాకు ఆ మాట!

జనవరి 8

మైనస్ నలభై. డబ్బా చూడ్డానికి తప్ప గడప దాటలేదు. మూడో మడి మైనస్ ఇరవై ఆరు.

జనవరి 15

అత్త కిటికీ దగ్గరే. పొద్దున కాఫీ అక్కడే, మధ్యాహ్నం సూపు అక్కడే. ఇదివరకు రోజూ నది దాకా వెళ్ళి ఉచ్చులు చూసుకుని, దొరికితే కుందేలుతో వచ్చేది. ఇప్పుడు కుందేళ్ళు లేవు, దుకాణంలో కొన్న కోడి తింటున్నాం. "గడ్డి నయం" అంది అత్త, ముక్క నములుతూ.

తర్వాత ఉన్నట్టుండి, "నేను అటు వెళ్ళానా రోవీ, ఆ రోజు? వీడు వెళ్ళానంటాడు. నాకు చెట్టూ గుర్తు లేదు, మంచూ గుర్తు లేదు" అంది.

బావ ఆమెకి చెప్పేశాడన్నమాట. ఆమె జోళ్ళ కోసం గొడవపడితే చెప్పక ఏం చేస్తాడు?

"పోనీలే అత్తా" అన్నాను.

పోనీలే అట. వెళ్ళలేదని చెప్పాలి కదా. ఆ ఒక్క మాట నోట్లో ఉంది, దాన్ని మింగి పోనీలే అన్నాను.

జనవరి 16

చెబుతాను. ఇంగా ఫిబ్రవరిలో వస్తుంది, ముందు ఆమెకి చెప్పి, ఆ తర్వాత వీళ్ళకి. వరస ప్రకారం.

ఫిబ్రవరి 11

ఇంగా రాలేదు, విమానాలు ఆగిపోయాయి. ఫోన్లో చెప్పొచ్చు కానీ ఇలాంటివి ముఖాముఖిగా చెప్పాలి.

ఫిబ్రవరి 20

నర్సు ఇంటికి వచ్చి అత్తకి, ముసలివాళ్ళకి ఏటా పెట్టే జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టింది. గడియారం బొమ్మ గీయమంది, అత్త గీసింది. చెప్పిన మాటలు తిరిగి చెప్పమంటే చెప్పింది. నర్సు సంతోషించి కాగితాలు సర్దుకుంటుంటే అత్తే ఆపింది.

"అంతా బాగుందని రాయకు. నేను మొన్న మంచులో మా మేనకోడలి మడి తొక్కేశాను. నాకు గుర్తే లేదు. అది కూడా రాసుకో."

బావ ముఖం తెల్లబోయింది. నర్సు రాసుకుంది. నగరంలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలంది, కరిగే కాలం వచ్చాక. నేను అక్కడే, ఆ బల్ల దగ్గరే, తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉన్నాను. నిజం చెప్పి తన మీదకి తెచ్చుకుంది ఎవరు? ఆమె. అదీ నిజం కాని నిజం.

ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఏం చేశావంటారు. మొదటి రోజు చెబితే ఏమీ లేదు. రోజు గడిచేకొద్దీ చెప్పవలసింది పెరుగుతోంది. అసలు తప్పు దారి కాదు ఇప్పుడు. ఈ మౌనం.

నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

మార్చి 9

అత్త అడిగింది, "గడ్డకట్టి ఉన్నప్పుడు వాటికేమైనా గుర్తుంటుందా?"

బుర్రకి ఉండకపోవచ్చు కానీ ఒంటికి ఉంటుందన్నాను. ఇక్కడి కప్పలు శీతాకాలం మొదట్లో రాత్రి గడ్డకట్టి, పగలు కరిగి, మళ్ళీ గడ్డకడతాయి. కట్టిన ప్రతిసారీ కాలేయంలో చక్కెర మరికాస్త పెరుగుతుంది. అంటే కిందటిసారి తెరుచుకున్న జన్యువుల దగ్గర ఏదో గుర్తు మిగులుతోందేమోనని నా అనుమానం, దాన్ని పట్టుకోవడానికే మడులు.

అత్త శ్రద్ధగా విని, "అయితే నాకంటే నయం" అంది.

బయటికి వెళ్ళి షెడ్డు వెనక ఏడ్చాను. ఏడిస్తే తగ్గిందా అంటే, తగ్గింది. అదే సిగ్గుగా ఉంది.

మార్చి 30

ఇవాళ చెబుదామనే అత్త దగ్గరికి వెళ్ళాను. ఎండు చేపలు పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

ఏప్రిల్ 27

మంచు కుంగిపోయింది. మడులు తెరిచాం, నేనూ బావా.

మొదటి మడిలో ఆకులు తీస్తే ఒకటి అప్పటికే మెత్తబడి ఉంది. అరచేతిలో పెట్టుకున్నాను. ఎంతోసేపు ఏమీ లేదు. తర్వాత గొంతు కింద చర్మం చిన్నగా అదిరింది. ముందు గుండె, ఆ తర్వాత ఊపిరి, చివరికి వెనక కాలు. చలికాలమంతా మడిచి పెట్టుకున్నవన్నీ విప్పుకుంటోంది లోపల. బావ ఎప్పుడూ చూడలేదట. "ఓరి దీని దుంపతెగ" అని ముక్కు మీద వేలేసుకున్నాడు. రెండో మడిలోనూ దాదాపు అన్నీ లేచాయి.

మూడో మడిలో ఒక్కటీ లేవలేదు. ఎండలో పెట్టి సాయంత్రం దాకా కూర్చున్నాను. మెత్తబడ్డాయి, కానీ అది వేరే మెత్తదనం. కాసేపటికి వాసన మొదలైంది. బావ నా పక్కన చతికిలబడి, "అమ్మ తరఫున నేను క్షమించమంటున్నా రోవీ" అన్నాడు.

అప్పుడు చెప్పేశాను. ధైర్యం వచ్చి కాదు, ఆ మాట భరించలేక. అత్త కాదు బావా, నేను తొక్కాను, నవంబరులో, నగరానికి వెళ్ళే ముందురోజు. బండి జాడ కింద నా అడుగులు చూశాను, పారతో చెరిపాను. అంతా.

బావ తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతిలో చచ్చిన కప్పని ఆకుల మీద జాగ్రత్తగా పెట్టి, "ఆమె కిటికీ దగ్గర కూర్చుంటే నువ్వు ఎదురుగా కూర్చుని సూపు తాగావు" అన్నాడు. లేచి వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 28

ఇంగాకి ఫోన్ చేశాను. అంతా విని, "అలాగా. మూడో మడిని లెక్కల్లోంచి తీసేద్దాం. ఇలాంటివి జరుగుతాయి రోవినా, కిందటేడు ఎలుగుబంటి ఒక మడి తవ్వేసింది కదా" అంది. సభకి తనే ఇంకో ఉత్తరం రాస్తానంది. క్లినిక్‌కి నేను చెప్పాను. నర్సు పాత రాత కొట్టేస్తానంది.

ఇంతేనా? దీనికా నేను చలికాలమంతా భయపడి చచ్చింది? ఇంగా నవ్విందని కూడా అనిపించింది.

బావ షెడ్డు తాళం తీసి జోళ్ళు తెచ్చి మేకుకి తగిలించాడు. నాతో మాట్లాడలేదు. "మంచు పోయాక ఎందుకురా ఇవి?" అంది అత్త.

మే 3

నాలుగు రోజులుగా బావ ఆమెకి చెబుతున్నాడట, వినడం లేదట. "నువ్వు తెచ్చిపెట్టావు, నువ్వే చెప్పు" అన్నాడు. మడులు తెరిచిన రోజు తర్వాత నాతో అన్న మొదటి మాట.

వెళ్ళాను. మడుగులోంచి కప్పల అరుపులు ఇంట్లోకి వినిపిస్తున్నాయి. అత్త పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. మొదటి నుంచి చివరిదాకా చెప్పాను, ఒక్కటీ దాచలేదు. నీకు మతిమరుపు లేదత్తా, నువ్వు ఆ రోజు నిద్రపోతున్నావు, తొక్కింది నేను.

అత్త నా తల నిమిరింది.

"మంచిదానివే నువ్వు. మీ నాన్నా అంతే, ఎవరి తప్పయినా నెత్తిన వేసుకునేవాడు."

"నెత్తిన వేసుకోవడం కాదత్తా. నిజం."

"నాకు గుర్తొచ్చిందే" అంది. కళ్ళు మెరుస్తున్నాయి. "మొదట్లో రాలేదు కానీ చలికాలమంతా కూర్చుని ఆలోచిస్తే కొంచెం కొంచెంగా వచ్చింది. మామయ్య బీవరు తోలు చేతితొడుగులు వేసుకున్నాను. ఎడం జోడు పట్టీ వదులైతే వంగి బిగించుకున్నాను. చెట్టు మీద ఉడుత అరిచింది. మడి దగ్గర ఆగాను కూడా. ఇక్కడేదో ఉందే అనుకున్నాను, ఏమిటో తట్టలేదు. తొక్కేశాను."

ఎలా? నేను చూశాను కదా, తొడుగులు ఆ రోజంతా పొయ్యి మీద తీగకి వేలాడుతున్నాయి. ఆ పట్టీ వదులైంది నా జోడుకి. అది ఆమెకి చెప్పిందీ నేనే, ఎప్పుడో, వేరే ఏదో మాటల్లో.

"అత్తా, అదంతా జరగలేదు. నువ్వు అటు వెళ్ళలేదు."

ఆమె చెయ్యి నా చేతిలో బిగుసుకుంది. "పోయినదాంట్లో ఇదొక్కటే తిరిగి దొరికింది నాకు. ఇదీ లేదంటావా? మరి నా బుర్రలో ఉన్నదేమిటి? అంత పిచ్చిదాన్నయిపోయానా రోవీ?" ఏడ్చేసింది. ఆమె ఏడవడం నాన్న పోయిన రోజు కూడా చూడలేదు నేను.

బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తల అడ్డంగా ఊపాడు, ఇక వద్దన్నట్టు.

"లేదత్తా, పిచ్చిదానివి కావు" అన్నాను.

"చచ్చిపోయాయటగా అన్నీ. నీ అంత చదువూ, నీ కష్టమూ." కళ్ళు తుడుచుకుని నా ముఖంలోకి చూసింది. "తెలిసి చెయ్యలేదమ్మా. నన్ను క్షమించావా?"

ఆమె అలాగే చూస్తోంది.

"క్షమించాను" అన్నాను.